ఆకుపచ్చ తీగ జోలికి వెళ్ళవద్దు

అమెరికా తూర్పు తీరంలోని చేసాపీక్ అఖాతం చుట్టుపక్కల పడవలున్న తెలుగు కుటుంబాలు చలికాలంలో ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు, పడవల కరెంటు పనుల్లో ఏళ్ళు గడిపిన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు మాట్లాడమన్నారు. ఆకలి మీదున్నవాళ్ళ ముందు తుప్పు గురించి మాట్లాడడం సాహసమే. అందుకని భోజనంతోనే మొదలుపెడతాను. ఆ చివరి బల్ల మీద పులిహోర ఉంది చూశారా? స్టీలు పళ్ళెం, పైన అల్యూమినియం రేకు మూత. అమ్మా, అది నిన్న రాత్రే కలిపారా? నిన్న రాత్రేనట. ఒకసారి ఆ రేకు జాగ్రత్తగా ఎత్తి దీపానికి ఎదురుగా పట్టండి. ఆఁ, అలాగే. వెనక కూర్చున్నవాళ్ళకు కనిపిస్తోందా? సూదితో పొడిచినట్టు చిల్లులు. చిల్లు పడినచోట అన్నం మీద నల్లటి మచ్చ. కంగారు పడకండి, పైపొర తీసేసి వడ్డించుకోవచ్చు. చేసినవారి తప్పేమీ లేదు. పులిహోర బాగా కుదిరిందనడానికి అదే సాక్ష్యం, ఉప్పూ చింతపండూ సరిగ్గా పడ్డాయి.

ఆ చిల్లులు ఎవరు పెట్టారు? ఎలుకా? కాదు. స్టీలు ఒక లోహం, అల్యూమినియం ఇంకో లోహం. పళ్ళెం అంచు దగ్గర ఆ రెండూ తాకుతున్నాయి. మధ్యలో చింతపండు పులుపూ ఉప్పూ ఉన్న తడి అన్నం రెంటినీ అంటుకుని ఉంది. అంతే, బ్యాటరీ తయారైంది. రాత్రంతా ఆ బ్యాటరీ నడిచింది. నడిచినంతసేపూ అల్యూమినియం కరిగింది. స్టీలుకు గీత కూడా పడలేదు. అదే పులిహోర మీద అరిటాకు కప్పి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. గాజు గిన్నెలో పెట్టి రేకు కప్పి ఉంటే? అప్పుడు కూడా ఇలా చిల్లులు పడేవి కాదు.

కాబట్టి మూడు కావాలి. రెండు వేరువేరు లోహాలు. రెంటినీ తడిపే ఉప్పు తడి. రెంటినీ కలిపే లోహపు దారి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా ఈ రకం తుప్పు ఆగుతుంది. చెప్పవలసింది ఇంతే. మైకు చేతికిచ్చారు కనుక మిగతాది కూడా వినక తప్పదు మీకు.

ఇప్పుడు పడవ దగ్గరికి వద్దాం. నీటి కింద మీ పడవకు ఏమేమి ఉన్నాయి? కంచు ప్రొపెల్లర్, స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టు, అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీ. కొందరికి వెనక వేలాడే స్టెర్న్ డ్రైవ్, అంటే అల్యూమినియం కాలు. ఇవి తాకకుండా ఉండడం కుదరదు, ఒకే యంత్రానికి బిగించి ఉన్నాయి. నీళ్ళు లేకుండా చేయడం అసలే కుదరదు. అందుకే జింకు ముక్క బిగిస్తాం. మా చిన్నప్పుడు కాకినాడలో మా నూతి దగ్గర జి.ఐ. బకెట్టు, అంటే జింకు పూసిన ఇనుప బకెట్టు ఉండేది. రోజుకు ఇరవైసార్లు నూతి గోడకు కొట్టుకునేది, గీతలు పడేవి. గీత పడినచోట ఇనుము బయటపడినా చాలాకాలం తుప్పు పట్టేది కాదు. ఎందుకంటే చుట్టూ ఉన్న జింకు పూత ముందు తాను కరిగి ఇనుమును కాపాడేది. పూత పూర్తిగా పోయాకే బకెట్టు అడుగు ఊడేది. పడవకు బిగించే జింకు ముక్క పని కూడా అదే. ముందు తాను పోతుంది.

ఎవరు ముందు పోవాలో నిర్ణయించేది వోల్టేజి. సముద్రపు నీటిలో వెండి–వెండి క్లోరైడు కొలబద్దతో, అంటే నీటిలో దించి మీటరుకు కలిపే కొసతో కొలిస్తే జింకు మైనస్ 1.03 వోల్టుల దగ్గర ఉంటుంది. పడవలకు వాడే అల్యూమినియం దాదాపు మైనస్ 0.8, మామూలు ఉక్కు మైనస్ 0.6, కంచు మైనస్ 0.3 చుట్టుపక్కల. మంచి స్థితిలో ఉన్న స్టెయిన్‌లెస్ సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఎవరి అంకె ఎక్కువ మైనస్సో వారు కరుగుతారు. ఈ అంకెలు ఇప్పుడు రాసుకోనక్కరలేదు, ఒక్కటి గుర్తుంచుకోండి. జింకుకూ కంచుకూ మధ్య తేడా ముప్పాతిక వోల్టు కూడా లేదు. ఎంత చిన్నదో చూడండి. టార్చిలైటులో వేసే ఒక బ్యాటరీలో సగం. ఆ చిన్నతనమే తర్వాత మనల్ని కాపాడబోతోంది. ఎలాగో చెబుతాను.

పడవ ఒంటరిగా లంగరు వేసుకుని ఉన్నంతకాలం కథ ఇంతే. మీ జింకు, మీ కంచు, మీ ఇంటి గొడవ. మెరీనాకు, అంటే పడవలు కట్టేసే రేవుకు వచ్చి, జెట్టీ మీద ఉన్న కరెంటు స్తంభానికి పసుపురంగు కేబులు తగిలించిన క్షణంలో ఏం జరుగుతుంది? ఆ కేబులులో మూడు తీగలు ఉంటాయి. నల్లది కరెంటు తెస్తుంది. తెల్లది తిరిగి తీసుకువెళుతుంది. ఆకుపచ్చది ఎర్తు. ఆ ఎర్తు తీగ మీ పడవలో ఎక్కడికి వెళుతుంది? కరెంటు పెట్టెలోని ఎర్తు పట్టీకి, అక్కడి నుంచి యంత్రానికి, యంత్రం నుంచి షాఫ్టుకు, ప్రొపెల్లర్‌కు. పక్క పడవలోనూ అంతే. దాని పక్క పడవలోనూ అంతే. అవతలి చివర్లన్నీ స్తంభాల్లో కలుస్తాయి, స్తంభాలన్నీ మెరీనా ఎర్తుకు కలుస్తాయి. అంటే నలభై పడవల ప్రొపెల్లర్లూ షాఫ్టులూ జింకులూ ఒకే తీగకు గుచ్చిన పూసలు. కింద అందరినీ తడిపే నీరు ఒకటే. మూడూ సమకూరాయి కదా? పులిహోర పళ్ళెం ఇప్పుడు మెరీనా అంత అయింది.

ఇక ఆ నలభైమందిలో జింకు మార్చిన మహానుభావుడు ఒక్కడే అనుకోండి. అతని జింకు ఎవరెవరిని కాపాడుతుంది? అందరినీ. ఊరందరి ఇళ్ళకూ ఒకడే కాపలాదారు. పాపం, జీతం ఇచ్చేది మాత్రం ఒక్క ఇంటివాడే.

ఆ మహానుభావుణ్ణి నేనే. ఎన్నో ఏళ్ళ క్రితం సంగతి. అప్పటికి ఇళ్ళ కరెంటు పనులు చేసేవాణ్ణి, పడవ కొత్త. అల్యూమినియం కాలున్న చిన్న పడవ కొన్నాను. ఏప్రిల్‌లో కొత్త జింకులు బిగించి నీటిలో దించాను. జూన్‌లో చూస్తే బోల్టులు ఉన్నాయి, జింకు లేదు. దుకాణంవాడు నాసిరకం అంటగట్టాడని తిట్టుకున్నాను. మళ్ళీ కొన్నాను. ఆగస్టులో మళ్ళీ అదే. ఈసారి బద్ధకించాను, సెప్టెంబరులో చూసుకుందాంలే అనుకున్నాను. సెప్టెంబరులో పడవ పైకి ఎత్తినప్పుడు అల్యూమినియం కాలు మీద రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. పొక్కు గోకితే లోపల తెల్లటి పొడి, పొడి తుడిస్తే గుంట. కొన్ని గుంటల్లో చిటికెనవేలి కొన దూరింది. జింకు అయిపోయాక వంతు ఎవరిది? వరసలో తర్వాతివాడిది. ఆ తర్వాతివాడు నా అల్యూమినియం కాలు.

కారణం ఎక్కడుందో అప్పుడు కూడా నాకు తట్టలేదు. పక్క స్థలంలో పెద్ద పాత పడవ ఉండేది. రెండు పెద్ద కంచు ప్రొపెల్లర్లు, జింకు ఒక్కటీ లేదు. దాని యజమాని ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు, కేబులు మాత్రం ఏడాది పొడవునా తగిలించే ఉండేది. ఒకరోజు అనుమానం వచ్చి, నా ఎర్తు తీగ మధ్యలో మీటరు పెట్టి డీసీ కరెంటు చూశాను. 180 మిల్లీయాంపులు. ఇంట్లో ఒక చిన్న దీపం లాగేంత కరెంటే కదా అనిపించింది. అప్పుడు కూర్చుని లెక్క వేశాను. ఫారడే సూత్రం ప్రకారం ఒక్క యాంపు ఏడాది పాటు ఆగకుండా ప్రవహిస్తే దాదాపు 10.7 కిలోల జింకు కరుగుతుంది. 180 మిల్లీయాంపులకు ఏడాదికి 1.9 కిలోలు. రెండు నెలలకు 320 గ్రాములు. నేను బిగించిన జింకు బరువు సుమారు అంతే. దుకాణంవాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఇప్పుడు నేను చేయబోయి ఆగిన పని చెబుతాను. నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమై ఉంటుందో చెప్పండి? అవును. ఆకుపచ్చ తీగ కోసేద్దామని. నిజమే, లెక్క ప్రకారం సరిపోతుంది. లోహపు దారి తెగితే తుప్పు ఆగుతుంది. పాతకాలం పడవలవాళ్ళు కొందరు ఇదే సలహా ఇస్తారు, ఇప్పటికీ జెట్టీ మీద వింటుంటాను. దీపాలు వెలుగుతాయి, ఫ్రిజ్జు నడుస్తుంది, జింకు నిలుస్తుంది, ఏ తేడా కనపడదు. వేసవిలో ఒకరోజు నీళ్ళు కాచే హీటరులో తీగ ఒరుసుకుపోయి నల్ల తీగ హీటరు లోహపు పెట్టెకు తగిలేదాకా.

ఆకుపచ్చ తీగ ఉంటే అప్పుడు ఏమవుతుంది? 120 వోల్టులు ఆ తీగ వెంట ఒక్కసారిగా పరుగెత్తి బ్రేకరు పడిపోతుంది. తీగ లేకపోతే? బ్రేకరు పడదు. హీటరు, యంత్రం, షాఫ్టు, ప్రొపెల్లర్ అన్నీ కరెంటుతో నిలబడి ఉంటాయి. ఆ కరెంటు తిరిగి ట్రాన్స్‌ఫార్మరుకు చేరాలి కదా, నీటిలోంచి దారి వెతుక్కుంటుంది. పక్కన ఎవరి పిల్లలైనా ఈత కొడుతూ ఉంటే? ఉప్పు నీటిలో కరెంటు ఎక్కువగా నీటిలోంచే పోతుంది. మంచినీటిలో అలా కాదు. మన ఒంట్లో ఉప్పు ఉంది, మంచినీటి కంటే మన ఒళ్ళే దానికి సులువైన దారి. కండరాలు బిగుసుకుపోతాయి, చేతులు ఆడవు, మనిషి అరవకుండా మునిగిపోతాడు. చూసినవాళ్ళు ఈత రాక మునిగాడనుకుంటారు. మన అఖాతం పైభాగం, నదులు కలిసేచోట్లు ఉప్పు తక్కువ నీళ్ళే. ఈ దేశపు సరస్సుల్లో చాలామంది ఇలా పోయారు. అందుకే కొత్త విద్యుత్ నియమాల్లో జెట్టీ స్తంభాల ప్లగ్గులకు 30 మిల్లీయాంపులు దారి తప్పగానే కరెంటు తెంపే రక్షణ పెట్టమన్నారు. పాత మెరీనాల్లో అది ఇంకా లేదు. కరెంటు కేబుళ్ళు ఉన్న జెట్టీ దగ్గర పిల్లల్ని నీటిలో దించకండి. ఇది మళ్ళీ చెబుతున్నాను. ఎంత ఎండగా ఉన్నా సరే, పిల్లల్ని దించకండి.

తీగ కోయకుండా తుప్పును ఆపాలి. ఎలా? ఇక్కడ నాకు చాలా ఇష్టమైన పాత కథ ఒకటి ఉంది, రెండు నిమిషాలు ఓర్చుకోండి. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు కొట్టించింది. చెక్కను తొలిచే పురుగులు దూరకుండా. ఓడ వెస్టిండీస్ వెళ్ళి తిరిగి వచ్చింది. అడుగు పరీక్షిస్తే పురుగు లేదు, నాచు లేదు, కానీ రేకులు ఊడిపోతున్నాయి. ఇనుప మేకులు ముద్దలా కుళ్ళిపోయాయి. విచిత్రం ఏమిటంటే కొన్ని మేకులు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఎందుకని చూస్తే, రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ముక్కలు ఆ మేకుల దగ్గర తీయకుండా వదిలేశారు. రాగికీ ఇనుముకూ మధ్య కాగితం అడ్డు నిలబడింది. ఈ రెండు లోహాల తుప్పును ఎవరి పేరుతో గాల్వానిక్ అంటామో, ఆ ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ తన కప్పకాళ్ళ ప్రయోగాలు ప్రచురించింది 1791లో. దానికి పాతికేళ్ళ పైచిలుకు ముందే ఒక బద్ధకస్తుడైన పనివాడి పుణ్యమా అని మందు దొరికింది. మధ్యలో అడ్డు పెట్టు.

మనకు కావలసింది కూడా అలాంటి కాగితమే. అయితే తెలివైన కాగితం కావాలి. ముప్పాతిక వోల్టు వస్తే ఆపాలి, 120 వోల్టులు వస్తే దారి ఇవ్వాలి. అదే గాల్వానిక్ ఐసొలేటర్. లోపల పెద్ద మాయ ఏమీ లేదు, డయోడులు, అంటే కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చే ముక్కలు. డయోడు తెరుచుకోవాలంటే సుమారు 0.6 వోల్టులు కావాలి. రెండు వరసగా పెడితే 1.2. రెండో దిక్కుకు కూడా ఇంకో రెండు. మొత్తం నాలుగు. దీన్ని ఆకుపచ్చ తీగ మధ్యలో, పడవలోకి కరెంటు వచ్చే చోటుకు వీలైనంత దగ్గరగా బిగిస్తారు. జింకు, కంచుల తేడా 0.7 కదా, 1.2 గోడ ఎక్కలేదు, ఇవతలే ఆగిపోతుంది. హీటరు పాడైతే 120 వోల్టులు ఆ గోడను లెక్కచేయదు, దూకేస్తుంది, బ్రేకరు పడుతుంది. ఇందాక చెప్పిన చిన్నతనం ఇక్కడ పనికొచ్చింది. శత్రువు బలహీనుడు కాబట్టే ఈ ఉపాయం చెల్లింది.

ఒక డయోడు చాలదా అని ముందు వరసలో అడుగుతున్నారు. చాలదు. 0.6 గోడను 0.7 దాటేస్తుంది.

కొనేటప్పుడు ఫెయిల్ సేఫ్ అని రాసి ఉన్నది తీసుకోండి. ఫెయిల్ సేఫ్ అంటే, అది పాడైనా ఎర్తు దారి తెగదు. తుప్పు మళ్ళీ మొదలవుతుంది, ప్రాణం మాత్రం దక్కుతుంది. మన ఊరు అన్నాపొలిస్‌లోనే ఉన్న అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ వీటికి ప్రమాణాలు రాసింది. ఆ ప్రమాణాలకు తగినదని ముద్ర ఉందా అని చూడండి. 30 యాంపుల కేబులుకు కనీసం 30 యాంపులది, 50కి 50ది. పది డాలర్లు మిగులుతాయని సొంతంగా డయోడులు కొని అతికించకండి. మీలో సగంమంది ఇంజినీర్లు, అందుకే మరీ భయం.

బిగించాక ఏడాదికి ఒకసారి పరీక్షించాలి. ముందు కేబులు స్తంభం నుంచి పీకేయండి. ముందు పీకండి, ఆ తర్వాతే మీటరు. మీటరును డయోడు గుర్తు మీద పెట్టి రెండు కొసలకూ ఆనించండి. ఆనించి కాసేపు ఆగండి, కొన్నింటిలో కరెంటు నింపుకునే కెపాసిటర్ ఉంటుంది, అది నిండాలి. రెండు దిక్కులా 0.9 నుంచి 1.2 మధ్య చూపిస్తే బాగుంది. సున్నా చూపిస్తే డయోడులు కాలి అతుక్కుపోయాయి, తుప్పు ఆగడం లేదు. అసలు ఏమీ చూపించకపోతే తీగ తెగినట్టే, ఎర్తు లేదు. అది పెట్టుకుని కరెంటు తగిలించకండి, అదే రోజు మార్చండి.

అడ్డు పెట్టాం కదా అని నిద్రపోతే ఏమవుతుందో చూడాలంటే న్యూయార్క్ వెళ్ళండి. స్వేచ్ఛా ప్రతిమ చర్మం రాగి, లోపలి పట్టీలు ఇనుము. కట్టినవాళ్ళకు ప్రమాదం తెలుసు, మధ్యలో లక్క పట్టించిన ఆస్‌బెస్టాస్ పెట్టారు. దశాబ్దాలు గడిచేసరికి ఆ అడ్డు చివికి, తేమ పట్టి, ఇనుము ఉబ్బి, రివెట్లు ఊడడం మొదలైంది. 1986లో నూరేళ్ళ పండుగకు బాగుచేసినప్పుడు ఆ ఇనుప పట్టీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు, మధ్యలో టెఫ్లాన్ వేశారు.

ఐసొలేటర్ పెట్టినా జింకు పోతోందని నన్ను పిలిచేవాళ్ళు ఉంటారు. వెళ్ళి చూస్తే ఎక్కడో పక్కదారి ఉంటుంది. ఒక పడవలో కేబుల్ టీవీ తీగ. దాని మీద అల్లిక లోహం, అది కూడా ఒడ్డు ఎర్తుకు కలుస్తుంది. ఇంకొకరు రెండు కేబుళ్ళు వాడతారు, గది చల్లబరిచే ఏసీకి ఒకటి, మిగతా వాటికి ఒకటి, ఐసొలేటర్ ఒకదానికే. ముందు తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు తెరిచిపెట్టినట్టు. ఇంకొకరిది మరీ చిత్రం. జెట్టీ మీద నుంచి విడిగా ఎక్స్‌టెన్షన్ తీగ లాగి చిన్న చార్జరు తగిలించారు, ఆ చార్జరు ఇనుప పెట్టె యంత్రం మీద కూర్చుని ఉంది. ఎర్తు అక్కడి నుంచి చక్కగా వెళ్ళిపోతోంది. ఎన్ని లోహపు దారులు ఒడ్డుకు వెళుతున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. ప్రతిదానికీ అడ్డు ఉండాలి.

ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఏమిటని అడుగుతారని తెలుసు. అది అన్నింటికంటే మంచిది. ఒడ్డు చుట్టకూ పడవ చుట్టకూ లోహపు సంబంధమే ఉండదు, శక్తి అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది. పడవకు తన ఎర్తు తనకే ఉంటుంది. ఉక్కు పడవ, అల్యూమినియం పడవ ఉన్నవాళ్ళకు నేను ఇదే చెబుతాను, ఎందుకంటే వాళ్ళకు కరిగేది పడవ చర్మమే. కానీ బరువు ఎక్కువ, ధర ఎక్కువ, చోటు కావాలి. తప్పుగా బిగిస్తే దండగ. ఒకచోట చూశాను, ఇంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఒడ్డు ఆకుపచ్చ తీగను పక్కనుంచి నేరుగా పడవ ఎర్తుకు కలిపేశారు. కోట కట్టి గోడకు నిచ్చెన వేసినట్టు. మన ఫైబర్ పడవలకు ఐసొలేటర్ చాలు.

ఇంకొక మాట. తుప్పంతా గాల్వానిక్ కాదు. పడవ అడుగు నీటిని తోడే పంపు తీగ అతుకు ఊడి ఆ నీటిలో మునిగిందనుకోండి. అక్కడ ఉన్నది మీ బ్యాటరీ 12 వోల్టులు. ముప్పాతిక వోల్టు నెలల్లో చేసేది, 12 వోల్టులు కొన్ని రోజుల్లో చేస్తుంది. దీన్ని ఐసొలేటర్ ఆపలేదు, జింకు ఆపలేదు. ప్రొపెల్లర్ లేత గులాబీ రంగుకు తిరిగి, గరుకుగా కనబడి, అది కూడా వారంలోనే జరిగిందంటే తీగలు వెతకండి. పంపు అతుకులు నీటి మట్టానికి పైన ఉండాలి, అంతే.

జింకు అంటున్నాను గానీ, మన అఖాతంలో అది అన్నిచోట్లా సరైనది కాదు. ఉప్పు తక్కువ నీటిలో జింకు మీద గట్టి పొర కట్టి అది పనిచేయడం మానేస్తుంది. చూడడానికి మాత్రం ఏమాత్రం అరగకుండా ఉంటుంది, యజమాని సంతోషిస్తాడు. ఒక్క గ్రాము కూడా కరగని జింకును చూసి సంతోషించకండి, అది పని ఎగ్గొట్టి కూర్చుంది. ఇక్కడి సగం ఉప్పు నీటికి అల్యూమినియం ముక్కలు మంచివి. వంట రేకు అల్యూమినియం కాదు, అందుకోసమే చేసిన మిశ్రమం. పూర్తి మంచినీటి సరస్సుకు మెగ్నీషియం. ఆ మెగ్నీషియంతో ఉప్పు నీటిలోకి రాకండి. దాని అంకె మైనస్ 1.6. కంచుతో తేడా 1.3 దాకా పోతుంది, అంటే డయోడుల గోడనే దాటేస్తుంది. పైగా అల్యూమినియం కాలును అతిగా కాపాడబోయి క్షారం పుట్టించి దాన్నే కాల్చేస్తుంది. చెక్క పడవకైతే బోల్టుల చుట్టూ చెక్క మెత్తబడి పీచులా లేస్తుంది. కాపాడడంలో కూడా అతి పనికిరాదు. ఏ రకమైనా ఒకటే రకం పెట్టండి, సగం కరగగానే మార్చండి, వాటి మీద రంగు మాత్రం వేయకండి. రంగు వేసినవాళ్ళు ఈ గదిలో ఉన్నారు. పేరు చెప్పను.

ఇదంతా మంచి చెడూ ఎలా తెలుస్తుంది? ఊహించకుండా కొలవండి. నా చేతిలో ఉన్నది వెండి–వెండి క్లోరైడు కొలబద్ద. ఈ కొసను పడవ పక్కన నీటిలోకి దించి, తీగ మీటరుకు పెట్టి, మీటరు రెండో కొసను ఎర్తు పట్టీకి ఆనించాలి. ఫైబర్ పడవ, కంచు ప్రొపెల్లర్ అయితే మైనస్ 550 నుంచి 1100 మిల్లీవోల్టుల మధ్య ఉండాలి. అల్యూమినియం కాలుంటే మైనస్ 900 నుంచి 1100 మధ్య. మొదట ఒడ్డు కేబులు తగిలించి చూడండి, అంకె రాసుకోండి. తర్వాత కేబులు పీకి, కాసేపు ఆగి, మళ్ళీ చూడండి. పీకగానే అంకె మైనస్ వైపు పెరిగిందా? అయితే ఒడ్డు మీ జింకును తాగుతోంది. కదలలేదా? ఐసొలేటర్ పనిచేస్తోంది. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు. అయిదు నిమిషాల పని.

అన్నింటికంటే చవకైన ఉపాయం చివరికి మిగిల్చాను, ముందే చెబితే మీరు లేచి వెళ్ళిపోతారని. పడవలో మీరు లేనప్పుడు కేబులు ఎందుకు తగిలించి ఉంచుతున్నారు? బ్యాటరీ కోసం. బ్యాటరీ ఎందుకు? నీరు తోడే పంపు కోసం. దానికి ఒక చిన్న సౌర పలక చాలు. ఫ్రిజ్జులో రెండు నిమ్మకాయలు చల్లగా ఉండడం కోసం వారమంతా నలభై పడవలతో చేతులు కలిపి కూర్చోవడం దేనికి? శనివారం రండి, తగిలించండి, ఆదివారం పీకి వెళ్ళండి.

ప్రశ్న ఉందా? అడగండి. పక్కవాడి పడవకు జింకు లేకపోతే అతనికి చెప్పాలా వద్దా అని అడుగుతున్నారు. నేను చెప్పాను. ఆ పాత పడవ యజమానికి 180 మిల్లీయాంపుల లెక్క చూపించాను. ఆయన చాలా మర్యాదగా విని, “నా పడవకు ఇన్నేళ్ళలో తుప్పే పట్టలేదు, నాకు జింకు ఎందుకు?” అన్నారు. నిజమే, పట్టలేదు. ఎందుకు పట్టలేదో మీకు తెలుసు. మర్నాడే ఐసొలేటర్ కొన్నాను. ఆ ఏడాదే ఆయన వచ్చి నన్ను అడిగారు, ప్రొపెల్లర్లు ఉన్నట్టుండి ఎందుకు రంగు మారుతున్నాయని.

సరే, అన్నం చల్లారిపోతోంది. ఈ కొలబద్ద ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. ఏప్రిల్‌లో పడవలు దించాక ఎవరికి కావాలంటే వారు తీసుకువెళ్ళండి. వాడాక తీగను మంచినీటితో కడిగి, ఆరబెట్టి తిరిగి ఇవ్వండి. పోయినసారి ఉప్పుతోనే చుట్టి ఇచ్చారు, చివర ఉన్న క్లిప్పు తుప్పు పట్టింది.